పనామె చెప్పిన కథ

జంగుబాయి ఖతర్‌లోని అల్ ఖోర్ వచ్చిన మొదటి వారంలోనే రాణికి తెలిసిపోయింది, ఈ ముసలామెను దాచడం అయ్యే పని కాదని.

నుదుటి మీద చుక్కలు, గడ్డం కింద గీతలు, మోచేతుల నుంచి మణికట్ల దాకా పచ్చబొట్లు. చీర పిక్కల కిందికి దిగదు. గొంతు తగ్గించి మాట్లాడడం ఆమె ఎరగదు. లిఫ్టులో ఎక్కిన ఫిలిప్పీన్ ఆమెను కూడా "మంచిగున్నవా బిడ్డా" అని తెలుగులోనే పలకరించేది. బాల్కనీలో నిలబడి, కింద బస్సెక్కుతున్న మనవరాలు రాణిని పేరుపెట్టి పిలిచిందంటే వీధి చివర మసీదు దాకా వినబడేది. ఉట్నూరు అవతల ఒక గోండు గూడెంలో పుట్టి, అక్కడే తల నెరిసిన మనిషి. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నోట్లో అది దుబాయే. "దుబాయ్‌ల సముద్రం మంచిగనే ఉన్నది గని, కూసుంటందుకు చెట్టు నీడే లేకపాయె" అనేది.

ఆమె కొడుకు ఆత్రం తిరుమల్ క్యాంపులో ఇనుప మంచం మీద మొదలుపెట్టి, క్రేను కింద తాళ్లు కట్టి, క్రేనెక్కి, ఇప్పుడు రాస్ లఫాన్ గ్యాస్ ఫ్యాక్టరీల్లో క్రేన్ల పనంతా చూసే సూపర్‌వైజర్ అయ్యాడు. ఫ్యామిలీ వీసా, కంపెనీ ఇచ్చిన ఫ్లాటు, బిడ్డ చదువు ఖర్చు, అన్నీ అయ్యాక మిగిలిన కోరిక ఒక్కటే. తల్లిని తెచ్చి సముద్రం చూపించాలని. విజిట్ వీసా తీసి తెచ్చాడు. భార్య ఎల్లవ్వ మధ్యాహ్నాలు ఒక నర్సరీలో పిల్లల్ని చూసుకునే పనికి పోతుంది. అత్తకు హాల్లో కిటికీ పక్కన పరుపు వేసి పెట్టింది. మంచం వద్దన్నది జంగుబాయే. మంచమెక్కితే నడుము ఒప్పుకోదంది.

రాణికి పదహారు దాటాయి. ఆమె భయం ఊరికే పుట్టిన భయం కాదు. అంతకుముందు చదివిన ఇండియన్ బడిలో, ఒక పిల్ల పుట్టినరోజు నాడు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఆ పిల్ల తల్లి కేకు పెడుతూ ఇంటిపేరు అడిగింది. "ఆత్రమా? అంటే గోండోళ్లా మీరు?" అంది. అంతే అంది. మర్నాడు టిఫిన్ డబ్బా తెరిస్తే పక్కన కూర్చునేవాళ్లు లేరు. "ఉడుత కూరనా?" అని అడిగినవాడు ఒకడు. ఆ ఏడాది ఆఖరు దాకా ఆమె పేరు 'జంగిల్'. తర్వాత తండ్రికి పెద్ద పోస్టు వచ్చి దోహాలోని కెనడా సిలబస్ బడిలో వేసినప్పుడు, రాణి ఇంటిపేరు ఇంట్లోనే వదిలేసి పోయింది. అక్కడ ఆమె రాణి తిరుమల్. ఊరు హైదరాబాద్. హైదరాబాద్‌లో ఆమె చూసింది విమానాశ్రయం ఒక్కటే.

ఆ ఏడు ఇంగ్లీషు పాఠాల్లో సగం ఆదివాసులవే వచ్చాయి. పాఠం చెప్పే మిస్ హెదర్ కెనడా నుంచి వచ్చిన టీచరు. ఆ దేశంలో మూలవాసుల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయి, హాస్టళ్లలో పెట్టి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే కొట్టిన రోజుల గురించిన కథలు చదివేది. చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకునేది. ఒకరోజు పుస్తకం మూసి, "మనలో ఎవరికైనా ఇలాంటి మనుషులు తెలుసా?" అని అడిగింది.

రాణి తన గోళ్ల వంక చూసుకుంది.

ఆమె రాసిన వ్యాసాలకు ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది. చక్కగా రాశావు, కానీ ఇందులో నీ మనసు లేదు.

మనసంతా పెట్టి రాసేది మరీహా. తండ్రి ఫసీయుద్దీన్ ఇంజినీరు. హైదరాబాదీ కుటుంబం, దోహాలోనే పుట్టిన పిల్ల, తెలుగు రాదు. ఎవరి కష్టం విన్నా కడుపులో పెట్టుకునే గుణం. కొత్త బడిలో రాణి పక్కన వచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆమే. రాణికి ఉన్న ఒకే ఒక్క దోస్తు.

ఏడాది చివర పెద్ద ప్రాజెక్టు ఇచ్చింది మిస్ హెదర్. భూమి పోగొట్టుకున్న మనుషుల కథ ఒకటి, పుస్తకం నుంచి కాదు, మనిషి నోటి నుంచి విని తీసుకురావాలి. "కథ చెప్పినవాళ్లదే. అడక్కుండా ఎత్తుకొస్తే అది దొంగతనం" అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఇద్దరూ కలిసి ఆలోచిద్దామని మరీహా అల్ ఖోర్ వస్తానంది. వద్దనడానికి రాణికి కారణం దొరకలేదు.

ఆ రోజు ఎల్లవ్వ నర్సరీకి పోయింది. తిరుమల్ డ్యూటీలో ఉన్నాడు. రాణి బాపమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టి, టీవీ పెట్టి, "నా దోస్తు వస్తది. మేం చదువుకుంటం. బయటికి రాకు" అంది.

"సరే తియ్యి" అంది జంగుబాయి. మాట తప్పే మనిషి కాదు. కానీ మరీహా వస్తూనే చేతులు కడుక్కోవాలని, తెలియక ఆ గది తలుపే తెరిచింది.

"సలాం అమ్మా" అంది. ఆ పచ్చబొట్లను ఒక్క క్షణం చూసి, రాణి వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఎవరు ఈమె?" అని అడిగింది.

రాణి ముందుగా అనుకున్న మాట కాదు. ఎక్కడో అడుగున ఉన్నది తన్నుకొచ్చింది. "పనామె" అంది తనూ ఇంగ్లీషులోనే. "మా ఇంట్లో పని చేస్తది."

ఇంకో పిల్లయితే తలూపి తలుపేసేది. మరీహా అలా కాదు. గడప మీదే మోకాళ్లు మడిచి కూర్చుని, ఉర్దూలో ఎంతో మర్యాదగా, "ఈ ఇంట్లో పనికి చేరి ఎన్నాళ్లయింది అమ్మా?" అని అడిగింది.

ఆదిలాబాద్ సంతల్లో తిరిగిన జంగుబాయికి ఆ భాష రాకపోవడమేమిటి! ప్రతి మాటా అర్థమైంది. తల తిప్పి మనవరాలిని చూసింది. రాణి తల దించుకుని ఉన్నా బాగుండేది. దించుకోలేదు. కళ్లతోనే బతిమాలింది. ముసలామె కొంగు సర్దుకుంటున్న చెయ్యి ఆగింది.

"రెండు నెలలైతుంది" అంది.

లేచి, ఇద్దరి మధ్య నుంచి వంటింట్లోకి పోయి, టీ పెట్టి తెచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టి, తను పోయి గోడకానుకుని నేల మీద కూర్చుంది.

మరీహా వెళ్లిపోయాక రాణి తిట్లకోసం కాచుకుంది. తిట్టలేదు. ఏడ్వలేదు. కొడుకు డ్యూటీ నుంచి వచ్చినా, కోడలు వచ్చినా చెప్పలేదు. "ఆ పిల్ల మంచిది. మల్ల రమ్మను" అని మాత్రం అంది. బతికిపోయాననుకుంది రాణి. ఆ నెమ్మది చూసి ధైర్యం కూడా వచ్చింది. రెండోసారి మరీహా వచ్చే ముందు, "ఆమె ముంగట నన్ను బిడ్డా అనకు" అని చెప్పింది.

"ఏమనాలె మరి?"

"ఏమనకు."

జంగుబాయి తలూపింది.

తర్వాత మరీహా రాణి కోసం రావడం తగ్గింది, జంగుబాయి కోసం రావడం మొదలైంది. ఆమె గోండు అని తెలిసిన రోజు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "నీ ఇంట్లోనే పెట్టుకుని ఒక్కసారైనా చెప్పలేదే రాణీ! ప్రాజెక్టుకు ఆమెను అడగొచ్చా?" అంది. కాదంటే ఎందుకు కాదనాలో చెప్పాలి. రాణి భుజాలెగరేసింది. మరీహా ముసలామెను వేరేగా అడిగింది. మీ మాటలు ఫోన్లో పట్టుకోవచ్చా, క్లాసులో వినిపించొచ్చా, ఇష్టం లేకపోతే వద్దు అని. జంగుబాయి నవ్వింది. ఆ ఇంట్లో కొడుకు అలిసి వస్తాడు, కోడలు అలిసి వస్తుంది, మనవరాలు ఫోను మీద వంచిన తల ఎత్తదు. వచ్చిన నాటి నుంచి ఆమెను ఏదీ అడిగిన మనిషి లేదు. "నా మాటలకు నువ్వడగాల్నా! పట్టుకో" అంది.

హాల్లో రాణి లెక్కలు చేసుకునేది. వంటింట్లో వాళ్లిద్దరూ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకునేవాళ్లు. ఒక్కోసారి రాణి విననట్టే వినేది. ఒక్కోసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. ఒకరోజు కిందికి దుకాణానికి కూడా పోయి వచ్చింది. ఆ కాస్త సేపట్లో మరీహా అడిగిన ప్రశ్నలేమిటో ఆమెకు తెలియదు.

క్లాసులో మరీహా వంతు వచ్చింది. తెర మీద ముఖం లేదు. చిక్కుళ్లు ఒలుస్తున్న రెండు చేతులు, వాటి మీది పచ్చబొట్లు, అంతే. గొంతు మాత్రం నిండుగా ఉంది. మరీహా ఒక్కో ముక్కా ఆపి ఇంగ్లీషులో చెప్పింది. చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిచేటప్పుడు తల్లి తన కాళ్ల మీద ఎట్లా కూర్చున్నదో, సచ్చిననాడు ఒంటి మీది సొమ్ములన్నీ ఊడబీకుతరు గని దీన్ని ఎవడు ఊడబీకుతడని ఎట్లా ఓదార్చిందో చెప్పింది. పిల్లలు నవ్వారు. తర్వాత పెళ్లి, అడవి అంచున కొట్టుకున్న చేను, కోతకొచ్చిన జొన్న. అడవి కాసే జంగ్లాత్ సిపాయిలు వచ్చి ఇది సర్కారు భూమి అన్నారు. చేలో పశువుల్ని తోలారు. గుడిసెలకు నిప్పు పెట్టారు. మొగుడు ఒక చేత్తో మూట, ఒక చేత్తో కొడుకును పట్టుకున్నాడు. ఆమె చంకలో బిడ్డ. వానలో నడిచారు.

"ఆ బిడ్డ ఆ దారిలోనే పోయిందట" అంది మరీహా. "ఎలా పోయిందో ఈ రికార్డింగులో లేదు. అక్కడ ఆమె ఆపమంది. బిడ్డ పేరు..." ఆగి, తన బల్ల పక్కన కూర్చున్న రాణి వైపు చూసి మెత్తగా నవ్వింది. "మన రాణి పేరే. రాణి."

క్లాసంతా తిరిగి చూసింది. రాణికి చెవుల్లో హోరు పుట్టింది. తన పేరు తాత పెట్టాడని తెలుసు. ఎవరి పేరో ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు. ఊరకే పెట్టిన పేరనుకుంది.

గంట కొట్టాక మిస్ హెదర్ మరీహాను ఆపి, తలుపు దగ్గరికి వేసి మాట్లాడి, మిగతా రికార్డింగు కూడా తన ఫోన్లోకి తీసుకుంది. మర్నాడు పొద్దున రాణిని ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. పోయేసరికి తండ్రి కూర్చుని ఉన్నాడు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, కవరాల్ కూడా విప్పలేదు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఫీజు విషయమేమో అన్నట్టు మర్యాదగా నవ్వుతున్నాడు. ఒక మూల మిస్ హెదర్ ఎర్రబడిన కళ్లతో కూర్చుంది.

ప్రిన్సిపాల్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మీ ఇంట్లో పనిచేసే ఆమె గురించి మాకు కొంచెం ఆందోళనగా ఉంది."

"పనామె మాఫీ, లేనే లేదు సార్" అన్నాడు తిరుమల్. "నా భార్యే వంట చేస్తది. ఇంట్ల మా అవ్వ ఉన్నది, గంతే."

"మిస్టర్ తిరుమల్, మా దగ్గర ఆమె గొంతు ఉంది" అంది మిస్ హెదర్. కోపంగా కాదు, దుఃఖంగా అంది. అనేసి ఫోన్లో మీట నొక్కింది.

మరీహా గొంతు అడిగింది, జీతం ఎంత ఇస్తారమ్మా అని. జంగుబాయి గొంతు నవ్వింది. జీతమా, ఈ ఫులూస్ పైసలు నాకెందుకు, ఇంత బువ్వ పెడుతున్నరు చాలదా? సెలవు రోజు ఉంటుందా? సెలవెక్కడిది, పొద్దుందాక ఇంట్లనే. బయటికి పంపుతారా? ఒక్కదాన్ని పోనియ్యరు, తప్పిపోతనని. ఎక్కడ పడుకుంటారు? హాల్ల కింద. పాస్‌పోర్టు? తిరుమల్ కాడ ఉన్నది, ఆయన దాసిపెట్టిండు.

ఒక్క అబద్ధం లేదు అందులో. కన్నతల్లి ఎవరైనా చెప్పే జవాబులే. వింటున్న కొద్దీ తిరుమల్ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. చివర మరీహా, "మరి ఈ ఇంటివాళ్లు మీకేమవుతారు? మీ తరఫువాళ్లేనా?" అని అడిగింది. చిక్కుడు గింజలు గిన్నెలో పడిన చప్పుడు వినబడింది. తర్వాత జంగుబాయి, "ఏం కారు. నేను పనికి వచ్చినదాన్నే" అంది.

తిరుమల్ హెల్మెట్ ఒళ్లోంచి జారి నేల మీద పడింది. తీసుకోలేదు. ఫోను తీసి, రెండుసార్లు తప్పు నొక్కి, చివరికి తల్లి వీసా తెరిచి ప్రిన్సిపాల్ ముందు పెట్టాడు. అందులో ఆమె పేరు ఉంది. చుట్టరికం ఉన్న చోట తల్లి అని ఉంది.

ప్రిన్సిపాల్ దాన్ని మిస్ హెదర్ వైపు తిప్పాడు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ప్రిన్సిపాల్ పది రకాలుగా క్షమించమన్నాడు. తిరుమల్ అవేవీ వినలేదు. బిడ్డ వంక చూశాడు. రాణి కుర్చీ చేతిని చూస్తోంది. అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"యల్లా, నడువు" అన్నాడు.

కారును తిన్నగా అల్ ఖోర్‌కు నడిపాడు. ఇంట్లోకి పోయి, తల్లి ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకన్నవే గట్ల?"

జంగుబాయి కొడుకు మొహం చూసింది, వెనక నిలబడ్డ మనవరాలిని చూసింది. "నేనే అన్న. పిల్ల ఏమనలే" అంది.

"అవ్వా, అబద్ధమాడకు."

"ఏమైతదిరా? పనిచేసుడు తప్పా? బతుకంత చేసిన."

తిరుమల్ లేచాడు. బిడ్డ మీద చెయ్యెత్తుతాడని ఎల్లవ్వ అడ్డం వచ్చింది. అతను ఎత్తలేదు. "క్యాంపుల మమ్మల్ని గొడ్ల లెక్క తోలిండ్రు" అన్నాడు. "పాకిస్తానోడు తిట్టిండు, మలబారోడు తిట్టిండు, మనోడే ఒకడు అడివోడా అన్నడు. ఒక్కడు గూడ మా అవ్వను అనలే. దానికి నా బిడ్డనే కావాల్సి వచ్చింది." అని స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకున్నాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు ఆగలేదు.

ఎల్లవ్వ కూతురిని పట్టుకుని ఊపేసింది. కాళ్ల మీద పడి తప్పయిందని అడగమంది. రాణి వంగబోయింది. జంగుబాయి కాళ్లు లోపలికి ముడుచుకుంది. "వద్దు తియ్యి" అంది, ఎంగిలి కంచం ఎత్తుతానన్న చుట్టాన్ని వారించినంత మామూలుగా.

బడిలో రాణి భయపడ్డట్టు ఎవరూ వెక్కిరించలేదు. దానికన్నా కష్టమైనది జరిగింది. మిస్ హెదర్ ఆమెను కౌగిలించుకుంది. "నువ్వే ఆ మనుషుల్లో ఒకదానివని నాకెందుకు చెప్పలేదు?" అని కన్నీళ్లు పెట్టుకుంది. సిగ్గుపడేట్టు చేసిన లోకానిదే తప్పు తప్ప పిల్లది కాదంది. క్లాసు ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. మరీహా ఒక్కతే కొట్టలేదు.

నడవాలో రాణి ఎదురుపడితే మరీహా ఆగి, "నేను మొదటి రోజు సలాం చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆమె టీ తెస్తుంటే చూస్తూ కూర్చున్నావు" అంది. గొంతు పెంచలేదు. అంతకన్నా ఏమీ అనలేదు. కానీ ఆ మాట రాణికి గుచ్చుకున్న తీరు వేరు. తండ్రి మాట ఇంట్లో పడి ఉంటుంది. ఇది రోజూ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. మరీహా మొహం కనబడితేనే కోపంతో దారి మార్చుకునేది.

రెండ్రోజులకు మిస్ హెదర్ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఆమెకు కొత్త ధర్మసంకటం వచ్చింది. జంగుబాయి పనామెగా అనుమతి ఇచ్చింది. ఆమె పనామె కాదు కదా, మరి ఆ అనుమతి చెల్లుతుందా? కథ ఇప్పుడు ఒక కుటుంబానిది. "రాణీ, నువ్వే చెప్పాలి. మరీహా ఈ పని ఉంచుకోవచ్చా?"

మరీహా రాణి వంక చూసింది. బతిమాలే చూపు కాదు. దోస్తు కదా, అన్న చూపు.

"వద్దు" అంది రాణి. "అది మా ఇంటి కథ. మమ్మల్ని అడక్కుండా తీసుకుంది."

అది అబద్ధమని ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. మరీహా తన ఫోను చేతిలోకి తీసుకుంది. మిస్ హెదర్ ఎదుటే అందులోంచి ఆ గొంతును చెరిపేసింది. వారాల తరబడి చేసిన పనికి ఆమెకు సున్నా పడింది, కొత్తది చేయడానికి వ్యవధి లేదు. ఆ ప్రాజెక్టుకు రాణి మొక్కుబడిగా రాసిచ్చింది మాత్రం పక్కన పెట్టి, "ఈ కథ నీ నోటితో నువ్వు చెప్పు" అంది టీచరు.

ఇంటికి వచ్చి రాణి బాపమ్మ పరుపు దగ్గర కూర్చుంది. ఆ ఇంట్లో అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఫోను చేతిలో పట్టుకుని, "బాపమ్మా, చిన్న రాణి కథ చెప్పు. ఎట్ల చచ్చిపోయింది?" అంది.

జంగుబాయి సంచిలో చీరలు సర్దుకుంటోంది. తనను తొందరగా పంపించేయమని కొడుకును పట్టుబట్టి టికెట్ మార్పించుకుంది.

"నాకు తెల్వది" అంది.

"మరీహాకు చెప్పినవ్ గదా!"

"అది పనామె చెప్పిన కథ. ఆమెను అడుగు." చీర మడత మీద చెయ్యి రాసి చదును చేసింది. "నీ బాపమ్మ కాడ కథల్లేవు."

"నేను తప్పు చేసిన..."

"చేసినవో లేదో నేనెందుకంట? ఆ పిల్లకేమో సున్న ఏసిండ్రట. మీ అమ్మ చెప్పింది. పాపం, మంచిగ ఇన్నది." అని సంచి జిప్పు లాగింది. తర్వాత రాణి ఎంత బతిమాలినా తల తిప్పలేదు. రాణికి ఒక క్షణం ఏడుపొచ్చింది, మరుక్షణం కోపమొచ్చింది. చెబితే ఏం పోయేది? పరాయి పిల్లకంతా చెప్పి, సొంత మనవరాలికి చెప్పదా?

ప్రయాణం రోజూ, రాణి కథ చెప్పాల్సిన రోజూ ఒకటే అయ్యాయి. ఎయిర్‌పోర్టుకు వస్తావా అని తండ్రి అడగలేదు. వస్తానని ఆమె అనలేదు. పొద్దున బస్సుకు దిగేటప్పుడు జంగుబాయి కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తూ ఉంది. బాల్కనీలోకి రాలేదు.

క్లాసులో రాణి బాగా చెప్పింది. మరీహా ఇంగ్లీషులో కూర్చిన మాటలే చాలా మటుకు నోటికి వచ్చేశాయి. పచ్చబొట్టు, పెళ్లి, జొన్నచేను, నిప్పు. "మా బాపమ్మ నాకు చెప్పింది" అని మొదలుపెట్టి, మధ్య మధ్య అదే మాట అంది. వాన దగ్గరికి వచ్చి ఆగింది. వెనక వరసకు మారిన మరీహా బల్ల మీది గీతను వేలితో రుద్దుకుంటోంది.

"ఆ చిన్న పాప..." మిస్ హెదర్ మెల్లగా అడిగింది. "ఎలా పోయింది రాణీ? చెప్పగలిగితేనే చెప్పు."

రాణికి తెలియదు. అందరూ చూస్తున్నారు. ఆ ఏడాది చదివిన కథల్లో పిల్లలు ఎలా పోయారో గుర్తు చేసుకుంది.

"ఆకలితో" అంది. "దారిలో ఎవరూ గంజి పొయ్యలేదు. మా బాపమ్మ వానలో చేతులతో గుంట తవ్వింది."

ముందు వరసలో ఒక పిల్ల వెక్కింది. మిస్ హెదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ క్లాసులో అంతవరకు ఎవరికీ రానన్ని మార్కులు వచ్చాయి. ఈసారి ఇందులో నీ మనసుంది అని రాసింది టీచరు.

బయట నడవాలో మరీహా తన సంచి భుజానికి తగిలించుకుంటోంది. రాణి దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు.

"నీకు చెప్పింది కదా?" అంది. "ఫోను ఆపమన్నాక."

"చెప్పింది."

"ఎలా?"

మరీహా ఆమెను నిదానంగా చూసింది. "ఆకలితో కాదు" అంది. "మిగతాది ఎవరికీ చెప్పొద్దంది. ఒట్టు వేయించుకుంది." సంచి సర్దుకుని మెట్లు దిగింది. కింద వాళ్ల డ్రైవర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు మరీహా బడే మారిపోయింది.

రాణి చెప్పిన కథను పెద్ద కాగితం మీద అచ్చు వేసి, మెయిన్ గేటు నుంచి లోపలికి వస్తూనే కనబడేట్టు గోడకు పెట్టారు. రాణి అనే పసిపాప, ఆకలితో, వానలో. విజిటర్లు ఆగి చదివేవాళ్లు. ఇక్కడి మన రాణి మేనత్తే అని టీచర్లు చూపించేవాళ్లు. కొన్నాళ్లకు రాణికి కూడా ఆ గుంట, ఆ చేతులు నిజంగా విన్నట్టే అనిపించసాగాయి.

శుక్రవారాలు తిరుమల్ తల్లికి ఫోను చేస్తాడు. గూడెంలో సిగ్నల్ కోసం ఆమె దిబ్బ ఎక్కి మాట్లాడుతుంది. పంట గురించి, మోకాళ్ల గురించి, దుబాయ్ ఎండ గురించి తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకుంటారు. కోడలితో పోట్లాడుతుంది, నవ్వుతుంది. ఒక శుక్రవారం తిరుమల్ ఏమనుకున్నాడో, ఉన్నట్టుండి ఫోను తెచ్చి బిడ్డ చేతిలో పెట్టాడు.

"బాపమ్మా" అంది రాణి.

అవతల గాలి చప్పుడు. తర్వాత జంగుబాయి గొంతు వచ్చింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మెత్తగా, దూరంగా, దొరసాని ముందు వంగి మాట్లాడుతున్నట్టు ఉంది.

"ఎట్లున్నరమ్మా?" అంది. "మంచిగ సదువుకుంటున్నరా మీరు?"